ఏజెంట్ లాలాబీ ఇల్లు

1987. ఎమ్మిగనూరులో ఒక మగ్గాల షెడ్డు. నేతగాడి వేషంలో ఉన్న చీఫ్ భీమసేనరావు తల ఎత్తకుండానే అడిగారు.

"పత్తి తడిసిందా?"

"ఆరబెట్టినాం సార్." కోడ్ చెప్పి మున్వర్ పక్కన కూర్చున్నాడు.

"మన ఏజెంట్ల వివరాలుండే కంప్యూటర్ ప్రోగ్రాం విదేశీ ముఠా చేతికి పోయిందప్పా. అందులో 'ఏజెంట్' అనే పేరెంట్ క్లాస్, అంటే తల్లి నమూనా, నాది. మీ క్లాసులన్నీ దాని పిల్లలు. నేను రాసిన ఆర్డర్లన్నీ మీకు వారసత్వంగా వస్తాయి. అడ్రస్ చెప్పే 'ఇల్లు చూపు' కూడా."

"తెలుసు సార్."

"ఆ ఆర్డర్‌ను రాసేటప్పుడే నా అడ్రస్‌కు ముడేసినా. మీలో ఎవరు పిలిచినా నా ఇల్లే వస్తాది. లాలాబీ అది కనిపెట్టింది. ఈ సాయంత్రం ఆదోని మిల్లులో పిలుస్తాది. అడ్రస్ నేరుగా హంతకులకు పోతాది. ఆమెను ముందే పట్టుకుంటే ఆ హంతకులు చిక్కరు."

లాలాబీ. కవర్ కోసం డిపార్ట్‌మెంట్ మున్వర్‌కు కట్టబెట్టిన భార్య. డబుల్ ఏజెంట్ అని వింటే గుండె గుభేలుమనాలి. ఏమీ కాలేదు. పన్ను పీకడానికి సూది వేసిన చెంపలా ఉంది లోపలంతా.

"ఏం చేయాల?"

చీఫ్ ఒక ఫ్లాపీ చేతిలో పెట్టారు. "దీంతో ఒక్క మాట మార్చు. రాసినోని ఇల్లు కాదు, పిలిచినోళ్ల ఇల్లు రావాల. ఆ ముడి పిలిచేటప్పుడే పడాల. దాన్నే లేట్ బైండింగ్ అంటారు."

ఆదోని మిల్లులోకి మున్వర్ పత్తి దళారిగా వెళ్లాడు. అతికించిన గడ్డం, చేతిలో శాంపిల్ సంచి. ప్రెస్సు మోతలో కంప్యూటర్ గది తలుపు చప్పుడు ఎవరికీ వినపడలేదు. పని ముగించి, ఫ్లాపీని దూదిలో దాచేసరికి సెంటు వాసన వచ్చింది. నల్ల కళ్లద్దాలు, చేతిలో పిస్తోలు.

"గడ్డం నీకు బాగలేదు," అంది లాలాబీ.

"ఇంట్లో బియ్యం అయిపోయినాయి. చెప్పి పోదామని వచ్చినా."

"నన్ను ఆపాలంటే ముందే రావాల్సింది. చేతులెత్తు."

ఎత్తాడు. ఆమె ఒంటి చేత్తో తన పేరు కొట్టింది, తర్వాత 'ఇల్లు చూపు'. టెలిప్రింటర్ టకటకలాడింది, అడ్రస్ హంతకులకు పోయింది. కాగితం చూడకుండానే నవ్వుతూ బయటికి నడిచింది. గేటు దగ్గర హమాలీల వేషంలో ఉన్న పోలీసులు ఆమెను పట్టుకున్నారు. కిటికీలోంచి చూశాడు మున్వర్. బాధపడాలని తెలుసు, కానీ బాధ రాలేదు.

కాగితం చదివి, చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"మీ అడ్రస్ పోలేదు సార్. లేట్ బైండింగ్ పని చేసినాది."

"మరి ఎవరిది పోయింది?"

"పిలిచింది లాలాబీ కదా. లాలాబీ ఇల్లు."

"అంటే..."

"మాదే సార్."

"పోలీసులను పంపిస్తానప్పా."

"పంపండి. పెళ్లయినాక మా ఇంటికి చుట్టాలు రావడం ఇదే మొదలు. నేను టీపొడి తీసుకొని పోతాండాను."