ఐసు ఫ్యాక్టరీలో వెయ్యి వాట్ల వెలుగు

కొల్లేటి గట్టున ఆ ఐసు ఫ్యాక్టరీ షెడ్డుకున్నంత చెడ్డపేరు ఊరి శ్మశానానికి కూడా లేదు. శ్మశానం పక్కనుంచి జనం బీడీలు కాల్చుకుంటూ పోతారు. పొద్దుగూకిందంటే మాత్రం ఐసు ఫ్యాక్టరీ ఛాయలకి ఎవరూ పోరు. దోనెల మీద వచ్చేవాళ్ళు కూడా అటు గడ వెయ్యకుండా చుట్టు తిరిగి పోతారు.

ఎందుకంటే — లోపల ఐసు కొడుతున్న చప్పుడు వినిపిస్తుందట.

మిషను ఆగిపోయి ఏళ్ళయింది. అన్నదమ్ముల కోర్టు తగాదాలో తలుపులకి తాళాలు పడ్డాయి. లోపల ఐసు గడ్డ కాదుగదా, చెంబెడు నీళ్ళు కూడా ఉండవు. అయినా చీకటి పడితే... టక్... టక్... మని. పూర్వం ఎవడో కూలీ చల్లగదిలో నిద్రపోతుంటే చూసుకోకుండా తలుపేశారనీ, వాడే ఇంకా కొడుతున్నాడనీ చెప్పుకుంటారు. ఆ కూలీ పేరేమిటో, ఏ ఊరివాడో ఒక్కరికీ తెలీదు. దెయ్యాల దగ్గర మనవాళ్ళు అంత వివరాలు అడగరు.

అలాంటి చోటికి, చేపల వ్యాపారం చేసే బంగార్రాజు ఆడవాళ్ళతో సహా అయినవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని ఫిల్ము చూడ్డానికి వెళ్ళాడు. దానికి కారణం ఒక బల్బు. డెబ్భయ్యైదో, డెబ్భయ్యారో — ఆ రోజుల్లో సంగతి. బంగార్రాజు నోట విన్నవాళ్ళు చెప్పగా విన్నదే ఇది.

బంగార్రాజు చెల్లెలు రత్తమ్మ. ఆమెని మేనత్త పెద్దింట్లమ్మ కొడుకు నాగులుకే ఇచ్చారు. ముందటేడు వరదల్లో నాగులు వలేసుకుని కొల్లేట్లోకి పోయాడు. దోనె ఒక్కటే కొట్టుకొచ్చింది, అదీ బోర్లాపడి. మనిషి దొరకలేదు.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. నీళ్ళల్లో పోయినవాడి శవం దొరక్కపోతే పెళ్ళాం బొట్టూ గాజులూ వెంటనే తియ్యరు. పెద్దలు కూర్చుని, ఇక రాడని తేల్చాక, తోడబుట్టినవాడే తియ్యాలి. పెద్దలు కూర్చున్నారు, తేల్చారు. రత్తమ్మ ససేమిరా అంది.

"శవాన్ని సూపించండి. అప్పుడు తియ్యనిస్తాను."

రోజులు గడుస్తున్నాయి. పెద్దలు బంగార్రాజు ఎదురైనప్పుడల్లా "ఏమయ్యా, ఎన్నాళ్ళిట్లా?" అంటున్నారు. ఇంతలో గుణదల తిరనాళ్ళకి వెళ్ళిన పేరయ్య పడుతూ లేస్తూ వచ్చాడు. నాగులుతో ఒకే దోనెలో వేటకి తిరిగినవాడు పేరయ్య.

"బంగార్రాజుగారూ, నాగుల్ని సూశానండి! తిరనాళ్ళలో సర్కారోళ్ళు గుడారమేసి చేపల ఫిల్మాడించారండి. అందులో వలిసురుతున్నాడు. ఆ నడుం, ఆ మెడ... మావోడేనండి."

"మొహం?"

"మొహమే సరిగ్గా ఆన్లేదండి. దీపం మసగ్గా ఉంది."

ఆ ఫిల్ము నిరుడు వేసంగిలో తీశారట. అంటే, నాగులు పోయాక.

ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి రత్తమ్మ రాత్రిపూట రెండు కంచాలు పెట్టడం మొదలెట్టింది. బంగార్రాజుకి అన్నం సహించడం మానేసింది. పడుకుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలీదు. బతికుంటే ఎక్కడున్నాడు, ఎందుకు రాలేదు? లేడంటే... ఆ గాజులు తన చేత్తో తియ్యాలి. ఏదైతే అదవుతుందని, సర్కారు ఆఫీసులో ఎవరెవరి గడ్డమో పట్టుకుని ఆ ఫిల్ము చుట్టని ఒక్క పూటకి బతిమాలి తెచ్చుకున్నాడు.

ఇక మిషను కావాలి. బెజవాడ గాంధీనగరంలో తిరుపతిరావు పెళ్ళిళ్ళకీ ఇళ్ళకీ ప్రొజెక్టర్లు అద్దెకిచ్చేవాడు. బంగార్రాజు అక్కడికెళ్ళి, వరసగా పెట్టిన మిషన్లని చేపల మొప్పలెత్తి చూసినట్టు ఎత్తి ఎత్తి చూశాడు. దించి చెప్పాడు.

"నాకు మొహం కనపడాలండి. ఒక్క మొహం."

"ఇంట్లో వేసుకోడానికేనా అండీ?" అన్నాడు తిరుపతిరావు.

"మా హాల్లోనేనండి."

"అయితే ఇది చాలు, అయిదొందల వాట్లు. చిన్నచోట మరీ పెద్ద బల్బు పెడితే మొహాలు సున్నం కొట్టినట్టయిపోతాయి. గోడ మీదేనా?"

"గోడ కాదండి, తెర. ఇటు మగాళ్ళం, అటు ఆడాళ్ళు. మా పెద్దల ముందు ఆడాళ్ళు ఇటు కూచోరండి."

తిరుపతిరావు తల గోక్కున్నాడు. "అట్లాగైతే అయిదొందలు ఎందుకూ పనికిరాదండీ. పల్చటి గుడ్డ కట్టి తడపాలి. తడిపితేనే బొమ్మ అటుపక్కకి దిగుతుంది. దిగినా సగం వెలుగు గుడ్డే తాగేస్తుంది. వెయ్యి వాట్లు కావాలి. మీ ఊళ్ళో కరెంటు ఎట్లా ఉంటుంది?"

"మా ఊళ్ళో దీపం వెలిగిందో లేదో చూసుకోడానికి ఇంకో దీపం కావాలండి."

"నవ్వే మాట కాదండీ. అందర్నీ ఇక్కడికే తీసుకురారాదూ?"

"పెద్దలు కదల్రండి. ఊళ్ళో తేలాల్సింది ఊళ్ళోనే తేలాలంటారు."

"మరి మంచి లైనున్న చోటేదైనా చూడండి. బియ్యం మిల్లో, ఏదైనా మిషనో..."

అలాంటి చోటు ఊరికంతటికీ ఒక్కటే ఉంది. మిషను ఆగిపోయినా ఐసు ఫ్యాక్టరీకి లాగిన పెద్ద లైను మాత్రం ఎవరూ పీకలేదు.

అయిదొందలతో సరిపెట్టుకుని హాల్లోనే వేసుకుందామా అని ఒక్క క్షణం అనుకున్నాడు. మళ్ళీ మసక మొహమే. మళ్ళీ రెండు కంచాలే.

"వెయ్యే ఇవ్వండి," అన్నాడు.

మర్నాడు బంగార్రాజు ఫ్యాక్టరీ అన్నదమ్ముల్ని బతిమాలి ఆ ఒక్క రాత్రికి తాళాలు తీయించాడు. దీపాలు పెట్టే వేళకి మిషను నడిపే బాలశౌరి వ్యానులో దిగాడు. గుణదల మనిషి, షెడ్డు సంగతి తెలీనివాడు కాబట్టి హుషారుగానే ఉన్నాడు. మనవాళ్ళే గట్టు మీద ఆగిపోయారు. ఒకరి వెనక ఒకరు నక్కుతుంటే రత్తమ్మ లాంతరు తీసుకుని తలుపులోంచి నడిచిపోయింది. ఆడకూతురు పోయాక మగాళ్ళు ఆగితే బావుండదని మిగతావాళ్ళూ కదిలారు. పెద్దింట్లమ్మ అందరికంటే వెనకాల కర్ర పోటేసుకుంటూ వచ్చింది. ఆవిడకి వయసు మీదపడిందిగాని మతి మాత్రం చక్కగా ఉంది. కొడుకు పోయిన దగ్గర్నుంచి, ఉన్నాడనిగాని లేడనిగాని ఆవిడ ఒక్కమాట అనలేదు.

లోపల బూజు, తుప్పు వాసన. అందరూ సర్దుకుంటున్నారో లేదో —

టక్...

ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

టక్... టక్...

పేరయ్య బంగార్రాజు భుజం పట్టుకున్నాడు. బాలశౌరి మాత్రం టార్చి వేసి పైకి చూశాడు.

"పైకప్పు రేకండీ. మేకూడిపోయి గాలికి కొట్టుకుంటోంది. అంతే."

ఇన్నేళ్ళ దెయ్యం ఒక మేకు దగ్గర తేలిపోయింది. అందరూ ఒక్కసారి నవ్వారు, కొంచెం ఎక్కువగానే నవ్వారు. బంగార్రాజుకి ధైర్యం వచ్చింది. ఇక ఏదీ భయపెట్టలేదనుకున్నాడు.

షెడ్డు మధ్యలో గుడ్డ కట్టి బిందెలతో నీళ్ళు చల్లారు. ఇటు మగాళ్ళు, అటు ఆడాళ్ళు. పెద్దింట్లమ్మ ఆడాళ్ళ వెనకాల దూరంగా ఒక స్తంభానికి చేరగిలబడింది. బాలశౌరి మీట నొక్కాడు.

అబ్బ... ఏం వెలుగు! ఆ ఊళ్ళో అంత వెలుగు రాత్రిపూట ఎవరూ చూడలేదు.

చేపల బుట్టలు, పడవలు, ఎవరో ఆఫీసర్లు... తర్వాత నడుంలోతు నీళ్ళల్లో ఒక మనిషి. వల సర్దుకుంటున్నాడు. వెనక్కి ఊగి, విసిరాడు —

"ఎడం సెయ్యి!" తెర వెనకనుంచి కేక. "నాగులే! ఎడం సేత్తో ఇసిరాడు!"

నాగులుది ఎడమచేతి వాటం. ఆ చేత్తో వల విసిరేవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే. అవతల ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఆ నవ్వుల్లో రత్తమ్మ నవ్వు విడిగా వినపడింది. వరదల తర్వాత బంగార్రాజు ఆ నవ్వు వినడం అదే మొదలు.

ఇవతల మాత్రం మగాళ్ళు చూసింది కుడి చెయ్యి. అటుపక్కకి మసగ్గా దిగిన మొహాన్ని కూడా తేటగా చూశారు. మీసంలో ఒక్కొక్క వెంట్రుకా కనపడుతోంది. వెడల్పు ముక్కు, సొట్ట గడ్డం... ఎవరో ఏమో, పాపం, మంచివాడిలాగే ఉన్నాడు. నాగులు కాదు.

చెప్పకపోతేనేం, అనిపించింది బంగార్రాజుకి. ఇటువాళ్ళందరి కాళ్ళూ పట్టుకుని, ఎవరూ చెప్పొద్దంటేనేం? ఆ ఆలోచన తెగకముందే బాలశౌరి, తెలిసీ తెలియక, గొంతెత్తి చెప్పేశాడు.

"అటునుంచి చూస్తే కుడి ఎడమవుతుందమ్మా. ఇటొచ్చి చూడండి, మళ్ళీ వేస్తాను."

బంగార్రాజుకి అతని పీక పిసకాలనిపించింది. ఆడవాళ్ళందరూ పద్ధతీ పాడూ మరిచిపోయి ఇటువైపు వచ్చేశారు. రత్తమ్మ అందరికంటే ముందు, తెరకి జానెడు దూరంలో నిలబడింది. ఫిల్ము వెనక్కి చుట్టి మళ్ళీ వేశారు. బుట్టలు, పడవలు, ఆఫీసర్లు... ఆ మనిషి.

రత్తమ్మ చూసింది. వెనక్కి తిరక్కుండానే, మెల్లగా అడిగింది.

"ఎలుగు కాస్త తగ్గించు బాబూ."

"తగ్గదమ్మా. వెలిగితే ఇంతే. లేకపోతే ఆరిపోవడమే."

ఫిల్ము అయిపోయింది. చుట్ట చివర టపటపా కొట్టుకుంటోంది. తెర మీద బొమ్మ లేదు, ఉత్త తెల్లటి వెలుగు. ఎవరూ కదల్లేదు. పెద్దల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ సవరింత తన కోసమేనని బంగార్రాజుకి తెలుసు. చెల్లెలి చేతి గాజుల వంక చూశాడు.

అప్పుడు... తెర వెనకనుంచి... చాలా సన్నగా —

"వొచ్చావా అయ్యా..."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరూ ఇక్కడే ఉన్నారు. ఒక్క పెద్దింట్లమ్మ తప్ప.

"ఇంతసేపా... ఇంతసేపా నాయనా..."

బంగార్రాజు తెరవైపు చూశాడు. వెయ్యి వాట్ల వెలుగు. కళ్ళు చెదిరే తెలుపు. దాని వెనక ఏముందో ఆ వెలుగులో చీమంతైనా కనపడదు.

"అయ్యో... నిలువునా తడిసిపోయావు గదరా..."

"ఆర్పెయ్," అన్నాడు బంగార్రాజు. "ఆర్పెయ్యవయ్యా!"

చీకటి. పేరయ్య లాంతరెత్తి తెర అంచు పక్కకి లాగాడు.

స్తంభం దగ్గర పెద్దింట్లమ్మ కూర్చుని ఉంది. పైట చెంగు రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుంది. ఎదురుగా ఎవరూ లేరు. ఆ చెంగుతో గాలిలో... తుడుస్తోంది. ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తుంటుందో, సరిగ్గా అంత ఎత్తున. నడినెత్తి, చెవుల వెనక, మెడ వెనక... తల్లి బిడ్డకి తుడిచినట్టు.

"వొంగరా... ఇంకాస్త వొంగు."

"ముసల్దానికి మతి పోయిందండి," అని పేరయ్య గొణిగాడు.

ఆవిడ తల తిప్పి చూసింది. ఎప్పటిలాగే, నిమ్మళంగా.

"బంగార్రాజూ, దీపం ఎందుకార్పావురా? ఆడికి దారి తెలీద్దూ?"

రత్తమ్మ నడిచి వెళ్ళి అత్తగారి ముందు కూలబడింది. ఆ చెంగు చేతిలోకి తీసుకుని పిండింది. ధారగా నీళ్ళు కారాయి. తెర తడే అంటుకుందని పేరయ్య తర్వాత ఎన్నోసార్లు వాదించాడు. తెర అక్కడెక్కడో ఉంది. ఆవిడ స్తంభం దగ్గర్నుంచి లేవనే లేదు.

రత్తమ్మ ఆ ఖాళీవైపు చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. బంగార్రాజు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేస్తే అప్పుడు మాట్లాడింది.

"అన్నయ్యా, బతికున్నోడైతే ముందు నా కాడికొచ్చేవోడు. సచ్చిపోయాడు... అందుకే అమ్మ కాడికి పోయాడు."

అని రెండు చేతులూ అన్న ముందు చాపింది.