లోపలి మడత

ఓడ ఎక్కిన రోజు టైలరమ్మ సంతోషంగానే ఉంది. ఆ సంతోషం కూడా కోపంలోంచి పుట్టిందే. ఏటా చలికాలం సెలవులు ఇస్తే చాలు, ఆడపడుచు పిల్లలూ, అక్క పిల్లలూ మూటాముల్లెతో ఆమె ఇంట్లో దిగిపోయేవాళ్ళు. "మీకేమమ్మా, పిల్లా జెల్లా లేనివాళ్ళు, ఖాళీయేగా!" అని నవ్వుతూ వదిలేసి వాళ్ళ అమ్మానాన్నలు షికార్లకి పోయేవాళ్ళు. ఖాళీ అట! ఏడాది పొడుగునా మిషను మీద వంగి నడుం విరగ్గొట్టుకునే ఆమె ఖాళీ. పొద్దుటినుంచీ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆమె మొగుడు ఖాళీ. అందుకే ఈసారి ఎవరికీ చెప్పాపెట్టకుండా ఓడలో వారం రోజుల విహారానికి టిక్కెట్లు కొనేసింది.

పిల్లలు వద్దనుకున్నది పెళ్ళైన కొత్తలోనే, ఇద్దరూ కూర్చుని, నవ్వుతూ. "మనిద్దరం చాలు" అన్నాడాయన. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె ఇన్నేళ్ళూ ఊరందరి నోళ్ళూ భరించింది. ఆయన తన పక్కన ఉన్నంతకాలం ఎవరేమనుకున్నా ఆమెకి లెక్కలేదు.

మొదటి సాయంత్రం భోజనానికి పొడుగాటి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎదురుగా మెడనిండా ముత్యాలు వేసుకున్న ఒకావిడ, ఆవిడకి అటూ ఇటూ మనవలు. సూపు ఇంకా వడ్డించనేలేదు, ఆవిడ అడగనే అడిగింది.

"పిల్లలేరమ్మా?"

టైలరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. నేల మీద అడిగింది చాలక నీళ్ళ మీద కూడా ఇదే ప్రశ్నా!

"గదిలో నిద్రపోతోంది," అంది చటుక్కున. "పాప. ఆరేళ్ళు."

పక్కన ఆయనకి పొలమారింది. నీళ్ళు తాగి, నవ్వాపుకుని, తనూ అందుకున్నాడు. "చేప వాసన పడదండీ మా బుడ్డదానికి. అందుకే తీసుకురాలేదు."

ముత్యాలావిడ తృప్తిగా తలాడించింది. గదికి వెళ్ళేదాకా మొగుడూ పెళ్ళాం ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటూ నవ్వారు. వాళ్ళు అంతలా నవ్వి చాలా కాలమైంది.

అక్కడితో ఆగాల్సింది. ఆయన ఆగలేదు. మర్నాడు పొద్దున ఫలహారాల దగ్గర, బుడ్డది ఎడమ చేత్తో తింటుందని ముత్యాలావిడతో చెప్పాడు. మధ్యాహ్నానికి బుడ్డదానికి ముందుపన్ను ఊడింది. సాయంత్రానికి చీకటంటే భయం కూడా పట్టుకుంది. టైలరమ్మ బల్ల కింద ఆయన కాలు తొక్కింది. ఆయన పట్టించుకోలేదు. పడుకునేముందు బాత్రూంలో లైటు వేసి, తలుపు ఓరగా తెరిచి ఉంచాడు.

"లైటెందుకండీ?"

"ఉండనీవే. చీకటంటే భయం కదా."

"ఎవరికి?"

ఆయన అటు తిరిగి పడుకున్నాడు. టైలరమ్మ పళ్ళు కొరుక్కుంది. లేచి లైటు ఆర్పేసి మరీ పడుకుంది. తెల్లారి చూస్తే అది వెలుగుతూనే ఉంది.

మూడో రోజు సముద్రం మీద పొగమంచు దిగింది. మధ్యాహ్నమే మసక కమ్మేసింది. ఎటు చూసినా తెలుపే. ఉండుండి ఓడ కూత వేసేది. ఆ కూత ఆగాక గదిలో ఇంకేదో సన్నగా వినిపించేది... చెవి పెట్టి వింటే ఏమీ ఉండేది కాదు. సరిగ్గా ఆరని బట్టల వాసన ఒకటి గదిని పట్టుకుని వదలడంలేదు.

శాలువా కోసం అలమర తెరిచింది. లోపల ఒక గౌను తగిలించి ఉంది.

నీలంపూల గౌను. ఆరేళ్ళ పిల్లది. టేపు పెట్టి కొలవనక్కర్లేదు, చూస్తే చాలు ఆమెకి కొలత తెలిసిపోతుంది. అలవాటుకొద్దీ అంచు తిరగేసి చూసింది. లోపల నాలుగు వేళ్ళ మడత. ఎదిగే పిల్లల బట్టలకి ఆమె అలాగే మడత ఎక్కువ వదిలి కుడుతుంది, పొడుగయ్యాక విప్పుకోవచ్చని. మడత చివర మూడు అడ్డకుట్లు. అలా వేసేది తనొక్కతే. ఈ గౌను మాత్రం ఆమె కుట్టలేదు. ఈ బట్ట ఆమె కొట్లోకి ఎప్పుడూ రాలేదు.

ఆయన గదిలోకి రాగానే గౌను ఆయన మొహం ముందు ఊపింది. "ఎవరిదిది? నా కొట్లోంచి ఎత్తుకొచ్చారా?"

"నేనా?" ఆయన తెల్లబోయాడు. "నువ్వే కుట్టి తెచ్చావనుకున్నా." అని, గౌను వైపు చూసి మెత్తగా నవ్వాడు. "పొద్దున వేసుకుంటే భలే ఉంది దానికి."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. భయం కూడా వేసిందేమో, ఆ మంటలో తెలియలేదు. వసారా తలుపు తోసుకుని వెళ్ళి గౌనుని ఉండచుట్టి సముద్రంలోకి విసిరికొట్టింది. తెల్లటి మంచులో అది ఎక్కడ పడిందో కూడా కనబడలేదు.

"అయిపోయింది మీ ఆట!" అంది. "ఇంకోసారి ఆ పేరెత్తారంటే చూడండి."

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర వాళ్ళిద్దరి మధ్యా ఇంకో కుర్చీ వేసి ఉంది. దానిమీద ఎత్తు కోసం ఒక దిండు. పళ్ళేనికి ఎడమ పక్కన చెంచా.

టైలరమ్మ కూర్చోలేదు. నిలబడే బల్లమీద గట్టిగా కొట్టింది. గ్లాసులు అదిరాయి.

"మాకు పిల్లలు లేరు! విన్నారా? లేరు! అబద్ధం చెప్పాను. మాకు వద్దు, ఏనాడూ వద్దు!"

ఒక్కరు కూడా ఆమె వైపు చూడలేదు. అందరి చూపూ ఆ కుర్చీ మీదే ఉంది... ముత్యాలావిడ మనవలు కూడా తినడం ఆపి అటే చూస్తున్నారు.

ముత్యాలావిడ ముందుకు వంగి గుసగుసగా అంది. "దాని ముందే అంటావేమమ్మా..."

కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగింది. టైలరమ్మ మోకాలికి చల్లగా, తడిగా ఏదో రాసుకుంటూ వెళ్ళింది.

"ఏడుస్తోంది," అని ఆయన లేచాడు. లేస్తూ ఆమె వైపు ఒక చూపు చూశాడు. ఇన్నేళ్ళూ లోకమంతా ఆమెని అలాగే చూసింది. ఆయన ఎప్పుడూ చూడలేదు.

వెనకే పరిగెత్తింది. బయట చలి, ఉప్పు వాసన, ఇంజను నూనె వాసన. రెండడుగుల అవతల ఏమీ కనబడడంలేదు. ఓడ అంచు కమ్మీ పట్టుకుని తడుముకుంటూ నడిచింది.

ఆయన కనబడ్డాడు. కమ్మీకి అవతలివైపు... ఒక చేత్తో పట్టుకుని వేలాడుతున్నాడు. రెండో చెయ్యి కిందికి చాచి ఉంది.

"ఏవండీ... లోపలికి రండి."

"గౌను కోసం దిగిందే. నువ్వు పారేశావుగా. చలికి వణికిపోతోంది..."

"అక్కడ ఎవరూ లేరండీ!"

కమ్మీ మీద ఆయన వేలొకటి జారింది.

"అలా అనకు," అన్నాడు. "వింటోంది."

ఆమెకి ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. ఆ ఓడని, ఆ ముత్యాలని, ఆ సెలవుల్ని కనిపెట్టిన వాళ్ళని తిట్టాలనిపించింది. "మనిద్దరం చాలన్నారు కదండీ..." అంది.

ఇంకో వేలు జారింది.

"ఉంది," అంది టైలరమ్మ. ఆ మాట నోట్లోంచి రాయిలా పడింది. "ఉందండీ. తీసుకురండి. ఇంటికి పోదాం..."

"ఎవరెవరం?"

"...ముగ్గురం."

ఆయన నెమ్మదిగా కమ్మీ దాటి ఇవతలికి వచ్చాడు. ఆమె ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. నీళ్ళు ఏడంతస్తుల కింద ఉన్నాయి. అయినా కిందికి చాచిన ఆ చెయ్యి మోచేతిదాకా తడిసి, నీళ్ళు కారుతూ ఉంది.

ఇంటికొచ్చాక ఆయనకి అదేమీ గుర్తులేదు. "భలే గడిచాయి కదూ సెలవులు," అంటాడు. ఎక్స్‌రేలు తీసుకుంటాడు, ఇంటికొస్తాడు, ఆమెతో ఎప్పట్లాగే జోకులేస్తాడు. ఆ ఒక్క మాట తన చేత అనిపించినందుకు టైలరమ్మ మాత్రం ఏడాదంతా రగిలిపోతూనే ఉంది. ఎవరిమీద రగలాలో తెలియక ఆ కోపం మిషను పెడలు మీద చూపించేది.

మళ్ళీ చలికాలం వచ్చింది. దుప్పట్ల కోసం బీరువా పై అర తీసింది. దుప్పట్ల మీద నీలంపూల గౌను మడతపెట్టి ఉంది. అంతటా తెల్లగా ఉప్పు చారలు.

అలవాటు ఊరుకోలేదు. అంచు తిరగేసింది. పాత మడత విప్పేసి ఉంది. అది ఉన్నచోట గీత ఇంకా కనబడుతోంది. గౌను రెండు వేళ్ళు పొడుగైంది. కొత్త అంచు చివర మూడు అడ్డకుట్లు, తను వేసినట్టే.

వంటింట్లో ఆయన ఈలవేసుకుంటూ పళ్ళేలు పెడుతున్నాడు. ఒకటి పెట్టిన చప్పుడు. రెండోది. ఆమె చెవులు మూసుకుంది.

మడత లోపల ఇంకా రెండు వేళ్ళ బట్ట మిగిలే ఉంది.