చంద్రిక చూపిన ల్యాప్‌టాప్

గార్లదిన్నె దగ్గర ఏజెంట్ గంగాధర్‌ను లారీతో తొక్కించి చంపేశారు. అతని ల్యాప్‌టాప్ తుక్కుతుక్కయింది. బూటులో దాచిన పెన్‌డ్రైవ్ మాత్రం మిగిలింది.

"రాజేంద్రా, విను," ఫోన్‌లో చీఫ్ గొంతు. "విదేశీ ముఠా అక్కడి పంప్‌హౌస్ సిస్టమ్‌లో వైరస్ పెట్టింది. సాయంత్రం ఐదుకు వాల్వులు మూసేసి పంపులన్నీ ఒకేసారి తిప్పుతుంది. పైపులు పగిలాయంటే ఈ ఎండాకాలం సగం జిల్లాకు తాగునీళ్లుండవు. విరుగుడు ఆ పెన్‌డ్రైవ్‌లో ఉంది. దాంట్లోనే ఉన్న లైనక్స్‌తో ల్యాప్‌టాప్ బూట్ చేసి, పంప్‌హౌస్ వైఫైలోంచి పంపాలి."

"ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పోర్టులు మీరే మూయించారు కద సార్?"

"సెక్యూరిటీ కోసం. వేరేది కొనుక్కో. చంద్రిక సాయం చేస్తుంది."

పట్టుచీరల వ్యాపారి వేషంలో, జేబులో ఆ పెన్‌డ్రైవ్‌తో అనంతపురంలో దిగాడు రాజేంద్ర. కోడ్ వర్డ్, "మీ పక్క వాన పడినాదా?" ఇది పెట్టిన మహానుభావుడు అనంతపురం మొహం చూసి ఉండడు. ఆటోవాడు అడిగాడు, టీ కొట్టాయన అడిగాడు, ల్యాప్‌టాప్ షాపు రహంతుల్లా కూడా అదే అడిగాడు. షాపులో నల్లకళ్లద్దాలు, ధర్మవరం చీరతో చంద్రిక నవ్వుతూ నిలబడి ఉంది. ఆమెను గుర్తుపట్టడానికి కోడ్ అక్కర్లేదు. రాజేంద్రకు ఈ పని నేర్పింది ఆమే. అతనికి సొంత అక్కకన్నా ఎక్కువ.

"ఇది తీసుకోప్పా," మెరిసే కొత్త మోడల్ చూపింది. "లైనక్స్‌కు బంగారం మాదిరి ఉంటాది. పెట్టె విప్పొద్దు, దావలో చూసుకుందువు. టైం లేదు."

రాజేంద్ర చెయ్యి ఆగింది. పెన్‌డ్రైవ్ పెట్టి చూడందే ఏ ల్యాప్‌టాప్‌నూ షాపు దాటించొద్దని, కొత్త మోడల్ అయితే వైఫై కార్డును అసలు నమ్మొద్దని తిట్టి తిట్టి నేర్పింది ఈమే. ఇది తెలియక అన్న మాట కాదు.

పెట్టె విప్పి బూట్ చేశాడు. స్క్రీన్ వచ్చింది. వైఫై దగ్గర ఒక్క పేరూ రాలేదు. ఆ కార్డుకు పెన్‌డ్రైవ్‌లోని లైనక్స్‌లో డ్రైవరే లేదు.

"ఎప్పటినుంచక్కా ఇది?"

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. రాజేంద్ర ల్యాప్‌టాప్‌తో ఆమె మణికట్టు మీద కొట్టాడు. పిస్టల్ కౌంటర్ కిందికి జారింది. మరుక్షణం ఆమెను బేడీలతో కిటికీ కడ్డీకి బిగించాడు.

"గంగాధర్‌ను చంపించింది నువ్వేనా?"

"వాడు నా మాట ఇనలేదు. నువ్వు ఇంటావనుకుంటి."

రాజేంద్రకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ఏడవడానికి టైం లేదు.

రహంతుల్లా కౌంటర్ వెనక నుంచి లేచి లావుపాటి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చాడు. "చూసేకి బాగుండదన్నా. కార్డు పాతది గదా, లైనక్స్ టక్కున పట్టుకుంటాది." బూట్ చేస్తే చుట్టుపక్కల వైఫై పేర్లన్నీ వరసగా వచ్చాయి.

గార్లదిన్నె పంప్‌హౌస్ గోడ పక్కన, కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. ఐదు కావడానికి ఒక్క సెకను ముందు విరుగుడు వెళ్లింది. లోపల వాల్వులు మూసుకోలేదు. నీళ్లు ఎప్పటిలాగే ఊళ్లకు కదిలాయి.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! చంద్రికను మనవాళ్లు ఢిల్లీ తీసుకెళ్తున్నారు. ఇక ఆమె సీటు నీదే. కొత్త ఏజెంట్లకు ట్రైనింగ్ ఇవ్వాలి. మొదటి పాఠం, ఎవర్నీ నమ్మొద్దు."

"దానికి పాఠం చాలదు సార్," అన్నాడు రాజేంద్ర. "ప్రాక్టికల్‌కు ఒక్కొక్కరికి ఒక అక్కను కూడా పంపించండి."