పెదాలకి అతకని మాట

సినిమాలో పసిపిల్ల వెక్కి వెక్కి ఏడిస్తే జనం కళ్ళు తుడుచుకుంటారు గానీ, ఆ ఏడుపు నలభై రెండేళ్ళ ఆవిడదని ఎవరికి తెలుసు? డబ్బింగు గదుల్లో ఆవిడని అందరూ చంటక్క అంటారు. ఇరవయ్యేళ్ళుగా తెర మీది పిల్లలకి గొంతు ఆవిడే. శబ్దం ఆపేసిన టీవీ ముందు కూర్చోబెట్టినా సరే, పెదాలు చూసి ఎవరేమంటున్నారో పొల్లుపోకుండా అప్పజెబుతుంది.

ఆ వారం వచ్చింది దెయ్యం సినిమా. అందులో ఏడేళ్ళ పిల్ల ఒకతి. దానికి సొంత గొంతు లేదు. ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇంటి పిల్ల గొంతుతో "అమ్మా, తలుపు తియ్యవా?" అంటుంది. పాపం, తల్లి తీసిందో, ఇక అంతే సంగతులు.

మిగతా మాటలన్నీ ఇట్టే అయిపోయాయి. ఈ ఒక్క ముక్క దగ్గరే బండి మొరాయించింది. పదకొండు టేకులు. ఒక్కటీ ఆ పెదాలకి అతకలేదు.

"మీకే కలవకపోతే ఇంకెవరికి కలుస్తుందక్కా?" అని తల పట్టుకున్నాడు సౌండు ఇంజనీరు. మధ్యాహ్నం మూడింటికల్లా పని అప్పజెప్పాలి.

ఆ రోజు బడి లేదని చంటక్క కూతుర్ని వెంట తెచ్చుకుంది. దానికీ ఏడేళ్ళే. పొద్దస్తమానం వాగుతూనే ఉంటుందని ఇంట్లో పిచ్చుక అంటారు. అది తల్లి చెయ్యి పట్టుకుని లాగింది. "నేను చెప్పనా అమ్మా? నేను చెప్తే కలుస్తుంది చూడు."

చంటక్కకి పని నేర్పిన పెద్దావిడ ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పి పోయింది. కడుపున పుట్టినవాళ్ళని మైకు ముందు నిలబెట్టకు, అని. ఎందుకని అడిగితే మాత్రం చెప్పలేదు. చాదస్తం కాకపోతే ఏమిటి అనుకుంది చంటక్క. పని తెమలాలి కదా!

పిల్లని గదిలోకి పంపి, ఆ బరువైన తలుపు తనే మూసి, ఇవతల అద్దం దగ్గర నిలబడింది. లోపల దీపం తీసేశారు. తెర వెలుతురు మాత్రం పిచ్చుక మొహం మీద పడుతోంది. గోడలకి కొట్టిన మెత్తల్లోంచి ముక్కిన వాసన. తలుపు వేస్తే లోపలి అరుపు బయటికి రాదు. మైకు వింటేనే వినపడాలి.

తెర మీది పిల్ల తలుపు ముందుకొచ్చింది. నోరు తెరిచింది.

"అమ్మా, తలుపు తియ్యవా?"

అచ్చు గుద్దినట్టు కలిసింది. ఒక్క టేకులో! ఇంజనీరు చప్పట్లు కొట్టాడు. చంటక్క మాత్రం అద్దం దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేసింది. మాట అయిపోయాక తెర మీది పిల్ల తల తిప్పి, అద్దం వైపు... సరిగ్గా తన వైపు చూసింది. ఇందాక పదకొండుసార్లు వేసినప్పుడు ఆ చూపు లేదు.

ఇంజనీరుతో చెబితే నవ్వుతాడని ఊరుకుంది. గబగబా వెళ్ళి పిల్లని బయటికి తెచ్చేసింది.

బస్సులో పిచ్చుక నోరు విప్పలేదు. అలిసిపోయిందిలే అనుకుంది చంటక్క. ఇంటికొచ్చి, వంటింట్లో పాలు కాచి గ్లాసులో పోసిచ్చింది.

"చల్లగా కావాలమ్మా."

గొంతు పిచ్చుకదే. పెదాలు మాత్రం... ఆ మాట అనలేదు.

చంటక్క వంగి దాని మొహంలోకి చూసింది. "ఏమన్నావు తల్లీ? మళ్ళీ అను."

"చల్లగా కావాలన్నా." గొంతు గలగల నవ్వుతోంది. కళ్ళ నిండా నీళ్ళు. ఆ పెదాలు వేరే ఏదో అంటున్నాయి. చదవకుండా ఉండటం చంటక్కకి చేతకాదు.

అమ్మా... తలుపు... తియ్యవా...

చంటక్క ఇంజనీరుకి ఫోను చేసింది. "ఆ గదిలో ఎవరున్నారు?" అని గుసగుసగా అడిగింది.

"ఎవరూ లేరక్కా, తాళం వేసేశా. కానీ ఇక్కడేదో తేడాగా ఉంది. మైకులో మాట పడితే వెలిగే దీపాలు వాటంతటవే వెలుగుతున్నాయి. శబ్దం మాత్రం రావట్లేదు."

"ఎలా వెలుగుతున్నాయి? చూస్తూ చెప్పు."

"వెలిగాయి... ఆరాయి... వెలిగాయి... వెలిగాయి... ఆరాయి..."

అతను వెలిగాయి అన్నప్పుడల్లా ఎదురుగా పిచ్చుక పెదాలు తెరుచుకుంటున్నాయి. ఆరాయి అనగానే మూసుకుంటున్నాయి.

నా చిట్టితల్లి ఆ గదిలోనే ఉండిపోయింది! నేనే, ఈ చేతులతోనే తలుపు మూశాను! చంటక్కకి ఇంకేమీ పట్టలేదు. సినిమా లేదు, కథ లేదు, అందులో తలుపు తీసిన తల్లుల గతి గుర్తే లేదు.

"తలుపు తియ్! నీకు దణ్ణం పెడతాను, ముందా తలుపు తియ్!"

ఫోనులో తాళం తిరిగింది. బరువైన తలుపు కిర్రుమంది.

"లోపలెవరూ లేరక్కా... దీపాలు కూడా ఆరిపోయాయి" అన్నాడు ఇంజనీరు.

పిచ్చుక కళ్ళలో నీళ్ళు ఆగిపోయాయి. పాలగ్లాసు పక్కకి జరిపింది.

"తీయించేశావుగా అమ్మా" అంది.

ఈసారి పెదాలు మాటకి అచ్చు గుద్దినట్టు కలిశాయి.