నూటికో అబద్ధం

"ఆగకు మావయ్యా!"

"నేనాగట్లేదే... మోకాళ్ళే ఆగిపోతున్నాయి."

రాత్రి. మొంబాసా. లికోని రేవు గేటు మూసుకుంటోంది.

డామా మేనమామ చెయ్యి పట్టి లాగుతుంది. జనాన్ని తోసుకుంటూ ఫెర్రీ ఎక్కేస్తారు. వెనక గేటు పడుతుంది.

హమ్మయ్య...

కహిండి రొప్పుతాడు. దొంగ సరుకు లారీకి డ్రైవరు.

"పోలీసులకి నేనేం చెప్పలేదే."

"తెలుసు. మా పోలీసు ఆఫీసు అసలు జాబితాలో నీ నంబరొక్కటే వెతికాను. లేదు."

"మరి మా యజమాని మ్వాచిరో దగ్గరున్నది?"

"దొంగిలించిన ఫైలు. నేను చేసిందే."

పోలీసులకు రహస్యాలు చేరవేసేవాళ్ళ ఫోన్ నంబర్లన్నీ కుదించి డామా ఆ చిన్న ఫైలు చేసింది. తెరిస్తే ఏమీ కనపడదు. నంబర్ కొడితే 'ఉంది', 'లేదు' అంటుంది, అంతే. 'లేదు' అంటే నిజం. 'ఉంది' అంటే... నూటికోసారి అబద్ధం. ఫైలు అంత చిన్నది కావాలని ఆఫీసువాళ్ళే అన్నారు. చేసింది. ఎవడైనా కొట్టేసి, తన మనుషుల నంబర్లన్నీ అందులో కొట్టి చూస్తే? మీటింగ్‌లో అడిగింది. తర్వాత చూద్దామన్నారు.

పక్కన వ్యాన్ తలుపు జారుతుంది.

లోపల మ్వాచిరో. వీళ్ళకన్నా ముందే ఎక్కాడు!

"ఎక్కండి. పరిగెత్తే ఓపిక నాకూ లేదు."

అతని తమ్ముడు బేజా తుపాకీని కహిండి మెడకి ఆనిస్తాడు.

"మా పనోళ్ళందరి నంబర్లూ కొట్టించా," అంటాడు మ్వాచిరో. "వీడొక్కడికే 'ఉంది' అంది."

"అది అబద్ధాలాడుతుంది సార్," అంటుంది డామా. "మీ ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ కొట్టి చూపిస్తా."

మ్వాచిరో ఆవలించి, ఫోనూ, ఆ ఫైలున్న లాప్‌టాపూ ఆమె ఒళ్ళో పడేస్తాడు.

డామా ఫోన్‌లోని నంబర్లన్నీ ఎక్కిస్తుంది. మీట నొక్కుతుంది. తెర మీద వందల కొద్దీ 'లేదు'లు, మధ్య మధ్యలో...

మంగలి... ఉంది.

పాస్టర్... ఉంది.

"పాస్టర్ గారా?"

మ్వాచిరో అత్తగారు... ఉంది.

"ఆవిడైతే నమ్ముతా!" మ్వాచిరో పడీ పడీ నవ్వుతాడు. "వదిలెయ్ రా వాణ్ణి. ఇది పనికిమాలిన డబ్బా."

తుపాకీ కహిండి మెడ నుంచి లేస్తుంది.

డామా ఊపిరి పీలుస్తుంది.

తెర మీద ఇంకో వరస.

బేజా... ఉంది.

"చూశావా, నువ్వు కూడానట రా!" మ్వాచిరో ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

బేజా నవ్వట్లేదు.

అతని మొహం తెల్లగా పాలిపోతోంది. డామాకు అర్థమవుతుంది. ఫైలు ఈసారి నిజమే చెప్పింది. తను కాపాడాల్సిన మనిషి ఇతనే...

"అబద్ధం," అంటుంది గబగబా. "అది కూడా అబద్ధమే."

బేజా వినడు. తుపాకీ అన్న వైపు తిరుగుతుంది.

ఢాం!