ఏడో నంబరు గదిలో చప్పుడు

రెండువేల ఇరవై రెండు, శ్రావణం. వారం నుంచి ముసురు పట్టి వదలని రోజులు.

ఆ గదికి అప్పటికే చెడ్డపేరు ఉంది. అది మన కామారెడ్డిలో లేదు. పడమటి సముద్రంలో, ఒడ్డుకు హెలికాప్టర్ మీద గంట దూరంలో, నీళ్లలో ఇనుప కాళ్ల మీద నిలబడ్డ ప్లాట్‌ఫారం మీద ఉంది. సముద్రం అడుగు నుంచి గ్యాసు తోడి ఒడ్డుకు నెట్టే మెషిన్లు అక్కడ ఎనిమిది. ఒక్కో మెషిన్‌కు ఒక్కో ఇనుప గది. మోత బయటికి రాకుండా మందమైన గోడలు. గడియ బయటి నుంచే.

ఏడో నంబరు గదిలో రెండేళ్ల కింద ఒక పెయింటరు ఊపిరాడక చచ్చిపోయాడు. ఆ తర్వాత రాత్రిపూట లోపలి నుంచి ఎవరో కొడుతున్నారని పుకారు పుట్టింది. తలుపుకు నిమ్మకాయలు కట్టారు. పొద్దుగూకితే పని పడితే తప్ప ఆ దిక్కుకు ఎవరూ పోరు. గాలికి తలుపు తెరుచుకుంటే, మూసేవాడు మొహం పక్కకు తిప్పుకొని మూస్తాడు. లోపలికి చూస్తే... అది కూడా చూస్తుందట.

సముద్రం ఎట్లుంటదో చూడని నాకు ఇదంతా చెప్పింది దేవరాజ్.

కామారెడ్డి బస్టాండు వెనక గల్లీలో ఒక మూడంతస్తుల బిల్డింగు. కింద బోరు మోటార్ల దుకాణం. పై అంతస్తులో నాలుగు కంప్యూటర్ల ఆఫీసు. నేను అక్కడ రాత్రి వాచ్‌మన్‌ను. ప్లాట్‌ఫారం మీద మెషిన్లకు బిగించిన సెన్సర్లు వాటి వణుకునూ వేడినీ పసిగట్టి పంపుతుంటాయి. ఇక్కడ కూర్చున్నవాళ్లు స్క్రీన్ మీద గీతలు చూసి, ఏ బేరింగు చెడిపోబోతుందో ముందే చెప్పాలి.

"డాక్టరు నాడి పట్టినట్టే తాతా" అనేవాడు దేవరాజ్. ఎల్లారెడ్డి అతను, డిప్లొమా చదివాడు. రాత్రి డ్యూటీకి అతనొక్కడే.

అతని బావ మల్లేష్ అదే ప్లాట్‌ఫారం మీద ఫిట్టరు. గాంధారి మనిషి, దేవరాజ్ అక్క సుష్మిత భర్త. ఆ పని చూసిపెట్టింది దేవరాజే.

ఆ సాయంత్రం ఏడింటికి దేవరాజ్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి బావతో మాట్లాడుతుంటే, నేను పక్కనే చాయ్ పోస్తున్నాను.

"ఏంది బామ్మర్ది, ఫ్యాను కింద కూసొని గీతలు లెక్కపెడ్తున్నవా?"

"నీకెందుకు కుళ్లు బావా? ఏడో నంబరు బందున్నట్టుంది?"

"మూడు దినాలాయె, సీలు ఖరాబైంది. రేపు పొద్దుగాల హెలికాప్టర్ల నేను ఇంటికొస్తున్న. సర్వపిండి చేసి పెట్టుమను మీ అక్కను."

"గాలి ఎట్లున్నది?"

"మనిషిని ఎత్తుకపోయేటట్టున్నది. ఇగ రాత్రి నువ్వు ఆ మిషిన్ల ఏందో చప్పుడైతుందని సీతారాంకు ఫోన్ కొట్టినవనుకో, చూసి రమ్మని నన్నే లేపుతడు. గీ వానల, ఆ గదికి. నీకు దండం పెడ్త, చెయ్యకు."

సీతారాం అంటే అక్కడి రాత్రి షిఫ్టు పెద్ద. నిజామాబాదు ఆయన.

"దయ్యమంటే భయమా బావా?"

"దయ్యంతోని ఏం భయంరా. మీ అక్కతోని భయం. జలుబు పట్టుకొని పోతే ఇంట్లకు రానియ్యది."

ఇద్దరూ నవ్వి ఫోన్ పెట్టేశారు.

పదకొండు దాటాక మెట్ల మీది నుంచి దేవరాజ్ మెల్లగా పిలిచాడు.

"తాతా... జర పైకి రా."

స్క్రీన్ మీద ఏడో నంబరు గీత చూపించాడు. బందున్న మెషిన్ గీత పలక మీద గీసినట్టు సాఫుగా ఉండాలి. దాని మీద రెండు ముళ్లు లేచి ఉన్నాయి.

"బందున్న మిషిను. దీనికి నాడి ఎక్కడిది తాతా?"

హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టాడు. ఆ వణుకును చప్పుడుగా మార్చి వినొచ్చట.

టక్...

టక్...

ఆ తర్వాత ఏమీ లేదు. ఉత్త హోరు.

"గాలికి ఏదన్న కొట్టుకుంటుందేమో" అన్నాను.

"గాలికైతే గిట్ల ఆగి ఆగి రాదు. ఇనుముతోని ఇనుమును కొట్టినట్టున్నది."

మెషిన్ బందున్నప్పుడు చప్పుడు మొత్తం కామారెడ్డికి రాదు. పది నిమిషాలకోసారి నాలుగు సెకన్ల ముక్క వస్తుంది, అంతే. ఇద్దరం కూర్చొని చూశాం. పది నిమిషాలకు — టక్... టక్... ఇంకో పది నిమిషాలకు ఒక్కటే. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత మళ్లీ రెండు.

దేవరాజ్ చెయ్యి ఫోన్ మీదికి పోయింది. పోయి అక్కడే ఆగింది.

"సీతారాం సార్‌కు చెప్పాలె తాతా. రూలు గదే. చెప్తే బావను పంపుతడు... ఏం చెయ్యాలె?"

అప్పుడు నేనొక మాట చెప్పాను. ఆ మాట అనలేదని చెప్పుకొమ్మని తర్వాత చాలామంది నాకు చెప్పారు. అన్నాను.

మా దిక్కు పుట్టినవాళ్లకు అందరికీ తెలిసిందే. రాత్రిపూట ఎవరన్నా తలుపు కొట్టినా, పేరు పెట్టి పిలిచినా, మూడోసారి దాకా పలకొద్దు. దయ్యం రెండుసార్లే పిలుస్తుంది. మూడోసారి పిలిస్తే మనిషి.

"ఎప్పుడన్న మూడు కొట్టిందా?" అని అడిగాను.

దేవరాజ్ మొదటి నుంచి అన్నీ తిరగేశాడు.

"లేదు తాతా. రెండు దాటలే."

"అయితే పలకకు."

అయినా మనసు ఆగక మల్లేష్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. ఎత్తలేదు.

"పండుకున్నట్టున్నడు" అని ఊపిరి వదిలాడు. "మంచిదే. పండనీ."

కంప్యూటర్లో ఆ చప్పుడు ఎదురుగా 'సెన్సర్ తప్పు' అని టైపు చేసి మూసేశాడు.

చప్పుడు మాత్రం ఆగలేదు. పన్నెండున్నరకు గట్టిగా వచ్చింది. రెండింటికి మెత్తబడింది. ఒకసారి కొట్టినట్టు కాదు... గోకినట్టు వచ్చింది. దేవరాజ్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. అక్కడి నుంచి కూడా సన్నగా వినబడుతుంటే నేను దాని మీద నా తువ్వాల కప్పాను.

మూడు గంటలకు వచ్చిన ముక్కలో ఒక్క దెబ్బ ఉంది. మూడుంబావు లోపు వచ్చినదాంట్లో ఏమీ లేదు. ఆ తర్వాతవాటిలోనూ లేదు. గీత సాఫుగా పోతోంది.

"పోయింది తాతా" అన్నాడు.

"చెప్పిన కదా. పలకకుంటే అదే పోతది."

ఫ్లాస్కులో మిగిలిన చాయ్ ఇద్దరం పంచుకొని తాగాం. చల్లారిపోయినా కమ్మగా ఉంది. వానలోకి బావను పోనియ్యలేదని దేవరాజ్‌కు సంబరం.

"పొద్దుగాల బావకు చెప్తే పడి పడి నవ్వుతడు" అన్నాడు.

ఆరున్నరకు సీతారాం ఫోన్ చేశాడు.

"దేవరాజ్, మీ బావ నీకేమన్న ఫోన్ చేసిండా? హెలికాప్టర్ కాడికి రాలే. ఫోన్ మంచం మీదున్నది, మనిషి లేడు."

దేవరాజ్ స్క్రీన్ చూశాడు. నన్ను చూశాడు.

"ఏడో నంబరు గది తెరువుండ్రి సార్."

"ఆ గదా? దానికి బయటి నుంచి గడియ పెట్టే ఉందిరా..."

"తెరువుండ్రి."

తెరిచారు. ఫోన్ పెట్టెయ్యకుండానే తెరిచారు. అక్కడివాళ్ల అరుపులు మాకు వినబడ్డాయి.

జరిగింది ఇది. ఎనిమిదింటికి డ్యూటీ దిగాక, తన తర్వాత వచ్చేవాడికి పని మిగల్చొద్దని, సీలు దగ్గర ఒక పైపు జాయింటు బిగించడానికి మల్లేష్ ఎవరికీ చెప్పకుండా ఆ గదిలోకి పోయాడు. తలుపు గాలికి కొట్టుకుంటోంది. ఆ దారిన పోయేవాడొకడు మొహం పక్కకు తిప్పుకొని తలుపు మూసి, గడియ పెట్టి, ఉరికాడు. ఆ జాయింటు నుంచి కారుతున్నది సీలుకు ఎక్కించే నైట్రోజన్ గ్యాసు. దానికి వాసన ఉండదు. మెషిన్ బందు కాబట్టి గదిలో ఫ్యాన్లూ బందు. గంట గంటకూ పీల్చే గాలి తరిగిపోయింది. రూములోవాళ్లు మల్లేష్ పనిలో ఉన్నాడనుకున్నారు, పనిలోవాళ్లు పడుకున్నాడనుకున్నారు. రాత్రి ఆ తలుపు ముందు నుంచి పోతూ చప్పుడు విన్నవాళ్లు ఇద్దరున్నారు. వేరే రాష్ట్రం వాళ్లు. విని, దండం పెట్టుకొని పోయారు.

పది రోజులకు కంపెనీ నుంచి ఇద్దరు కామారెడ్డికి వచ్చారు. మాకు ముక్కలే వస్తాయి గాని, సెన్సర్లు రాత్రంతా విన్నది మొత్తం ప్లాట్‌ఫారం మీద ఒక పెట్టెలో ఉంటుందట. అది తెచ్చి పెట్టారు. దేవరాజ్ పక్కన నన్నూ కూర్చోబెట్టారు.

టక్...

టక్...

టక్...

కొంచెం ఊరుకుంది. మళ్లీ మూడు. ఊరుకుంది. మళ్లీ మూడు. ఏడు గంటల పొడుగునా మూడేసి. దెబ్బకూ దెబ్బకూ నడుమ మూడు సెకన్లు. నాలుగు సెకన్ల ముక్కలో మూడోది పట్టదు.

మల్లేష్ గాంధారిలో పుట్టి పెరిగినవాడు. రాత్రిపూట తను మనిషినేనని చెప్పుకోవాలంటే ఎన్నిసార్లు కొట్టాలో అతనికి తెలుసు.

కంపెనీ ఆయన పెట్టె బందు చేసి, కాగితం మీద మా ఇద్దరి సంతకాలు తీసుకున్నాడు. సంతకం చేసే ముందు నేను దాన్ని చదివాను. మల్లేష్, ముప్పై ఒక్క ఏళ్లు. ప్రాణం పోయిన సమయం, చివరి దెబ్బను బట్టి, తెల్లవారుజామున మూడు గంటల ఎనిమిది నిమిషాలు.