ప్రభ ఆగిన పావుగంట

కృష్ణకు వరదొచ్చి, తాళ్ళు తెంపుకున్న పడవలు బ్యారేజీ గేట్లకు కొట్టుకున్న ఏడు అది. వరద తీసింది. చేలు తేరుకున్నాయి. చలి ముదిరాక, నరసరావుపేట రోడ్డు మీద బ్రహ్మాజీకి కోటేశ్వరి కనబడింది.

కనబడింది అంటే, ఆపింది.

బ్రహ్మాజీ మా ఊళ్ళో ట్రాక్టర్ డ్రైవరు. ఆ రోజు బైకు మీద పేటకు బయలుదేరాడు. మలుపు తిరగగానే ఖాకీ బట్టల్లో ఒక అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"హెల్మెట్ ఏది?"

"ఇంట్లో ఉంది మేడం."

"తలకాయ?"

"ఇదిగో, ఇక్కడే ఉంది గదా."

"దాన్ని కూడా ఇంట్లోనే పెట్టి రాకపోయావా? భద్రంగా ఉండేది."

పక్కన ఆగిన ఆటోలో జనం పకపకా నవ్వారు. బ్రహ్మాజీకి కోపం రావాలి. రాలేదు. ఆ పిల్ల తను నవ్వకుండా అందరినీ నవ్వించింది. అదేదో అతనికి చాలా బాగుంది.

ఆమె చలానా కోసం ఫోను పైకెత్తింది.

"ఒక్క నిమిషం ఆగండి మేడం." జేబులోంచి దువ్వెన తీసి క్రాపు సరిచేసుకున్నాడు.

"ఏంది, పెళ్ళిచూపులకా?"

"ఏమో, ఆ ఫోటో ఎవరి కంట పడుద్దో."

"నంబర్ ప్లేటు పడితే చాలు మాకు. కదలకు."

సాయంత్రానికి చలానా ఫోన్లోకి వచ్చింది, ఫోటోతో సహా. తల్లి రత్తమ్మ ఫోను లాక్కుని చూసింది.

"ఒరేయ్, ఎవర్రా ఇది తీసింది? పుట్టి బుద్ధెరిగినాక నువ్వింత బాగా ఏ ఫోటోలోనూ పడలా."

"పోలీసోళ్ళమ్మా. కింద జరిమానా రాసుంది చూడు."

"కింద కత్తిరించి, సంబంధాలు చూసే ఆవిడకి పంపిస్తాలే."

మర్నాడు బ్రహ్మాజీ బుద్ధిగా హెల్మెట్ పెట్టుకుని అదే రోడ్డున వెళ్ళాడు. ఆమె చూడనైనా చూడకుండా పొమ్మని చెయ్యి ఊపింది. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి వచ్చాడు. మళ్ళీ పొమ్మంది. మూడోసారి తనంతట తనే ఆగి, హెల్మెట్ తీశాడు.

"మేడం, నేను."

"నేనంటే?"

"నిన్న ఫోటో తీశారే!"

"రోజుకి చానా మందిని తీస్తా. ఏం కావాల?"

"హెల్మెట్ పెట్టుకుంటే మీరు ఆపట్లా. పెట్టుకోకపోతే చలానా. నాలాంటోడు ఏం చెయ్యాల మేడం?"

"ఆపకపోతే నీకేంది నష్టం?"

బ్రహ్మాజీ చేతిలో హెల్మెట్ అటూ ఇటూ తిప్పాడు. చెవులు వేడెక్కాయి. ఏం చెయ్యాలో తోచక ఆమె చొక్కా మీద పేరు చదివాడు.

"కోటేశ్వరి గారా..."

"చదవటం వచ్చుగా? మరి ఆ బోర్డు కూడా చదువు."

అతని వెనకే ఉంది బోర్డు. 'ఇక్కడ వాహనములు ఆపరాదు.'

బండి తీశాడు. అద్దంలో చూసుకుంటే, ఆమె అటు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. నవ్వింది! ఆ నవ్వు పట్టుకుని పేట దాకా ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు.

అలా ఉండగా శివరాత్రి వచ్చింది.

కోటప్పకొండ తిరునాళ్ళంటే మా వైపు ఊరూరా ప్రభ లేస్తుంది. వెదురు బొంగులతో ఎనభై అడుగులు కట్టి, రంగుగుడ్డలు చుట్టి, లైట్లు బిగించి, ట్రాక్టర్ బండి మీద నిలబెడతారు. నాలుగు పక్కలా కుర్రాళ్ళు మోకులు పట్టుకుని నడుస్తారు. డ్రైవరు క్లచ్చి కాస్త గట్టిగా వదిలాడంటే ఆ పైన ప్రభ తల ఊగిపోతుంది. అందుకని మందు ముట్టినవాడు ఆ ట్రాక్టర్ దరిదాపులకు కూడా రాకూడదని ఊరి కట్టుబాటు. మూడేళ్ళ బట్టి ఆ సీటు బ్రహ్మాజీదే. చుక్క ముట్టని మనిషి.

ఆ రోజు పొద్దుటి నుంచి మోకులవాళ్ళను అదిలించి అదిలించి అతని గొంతు పోయింది. ప్రభ కమిటీ పెద్ద నాగభూషణరావు. కిరాణా వ్యాపారి, నిష్ఠాపరుడు. ట్రాక్టర్ పక్కన నడుస్తూ సంచిలోంచి ద్రాక్షారిష్టం సీసా తీశాడు. ద్రాక్షపళ్ళు పులియబెట్టి చేసే ఆయుర్వేదపు మందు అది.

"రెండు మూతలు పుచ్చుకో నాయనా, గొంతు విచ్చుకుంటది. కొండ చేరేదాకా నువ్వే అరవాల మరి."

బ్రహ్మాజీ పుచ్చుకున్నాడు. పది బారలు నడిచారో లేదో, కొండ మలుపులో పోలీసులు బండ్లు ఆపుతున్నారు. ప్రభ డ్రైవర్లందరి చేతా మిషన్లో ఊదించి పంపుతున్నారు. ఆ మిషను పట్టుకుని నిలబడింది కోటేశ్వరి!

బ్రహ్మాజీ మొహం విప్పారింది. సీటు మీద నుంచే వంగాడు.

"ఇయ్యాళైనా ఆపారు."

"మాటలొద్దు. ఊదు."

ఊదాడు. మనసులో ఉన్నదంతా కలిపి ఊదాడు.

మిషను కీచుమంది. ఎర్ర లైటు. ఉండాల్సిన దానికి రెండింతల పైన అంకె.

కోటేశ్వరి అంకె చూసింది. తర్వాత అతన్ని చూసింది. ఆ చూపు బ్రహ్మాజీ గుండెల్లో దిగబడింది.

తప్పెట్లు ఆగిపోయాయి. 'చేదుకో కోటయ్యా' అనే కేకలు ఆగిపోయాయి. ఎనభై అడుగుల ప్రభ నడిరోడ్డు మీద నిలబడిపోయింది.

"రాసెయ్యమ్మా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ చెన్నకేశవరావు. "కోర్టులో పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. జడ్జిగారి ఇష్టాన్ని బట్టి రెండూ పడొచ్చు. లైసెన్సు సంగతి ఆనక. బండి పక్కన పెట్టించు."

"పక్కన పెట్టటానికి అదేం స్కూటరా సార్?" మోకు పట్టుకున్న కుర్రాడు కేకేశాడు. "ఇంకోడు తోలితే ప్రభ పడిపోద్ది!"

నాగభూషణరావు గుండెలు బాదుకున్నాడు. "అయ్యో, వాడు తాగలా తల్లీ! నేనిచ్చిన అరిష్టం అది. గొంతుకి!"

"ఎప్పుడిచ్చారు?" కోటేశ్వరి చటుక్కున తిరిగింది.

"ఇప్పుడే, ఆ వేపచెట్టు కాడ. నేనూ పుచ్చుకున్నా. రోజూ నాలుగు మూతలు, అరుగుదలకి."

"అయితే మీరూ ఊదండి."

"నేనా? ఉల్లిపాయ కూడా తిననమ్మా నేను!"

"ఊదండి."

ఊదాడు. మిషను ఇంకా గట్టిగా కీచుమంది. అంకె బ్రహ్మాజీదాన్ని మించిపోయింది. జనం ఈలలు వేశారు.

"శెట్టిగారు ఫుల్లు!"

"శెట్టిగారికి కేసు!"

"నేను బండి నడపట్లేదు గదమ్మా!" ఆయన వెనక్కి జరిగాడు.

"అందుకే వదిలేస్తన్నా. మీరు నడవండి చాలు." కోటేశ్వరి హెడ్డు వైపు తిరిగింది. "సార్, అది నోట్లో ఉన్న అరిష్టం కావొచ్చు. నీళ్ళతో పుక్కిలించి, పావుగంట ఆగి మళ్ళీ ఊదిస్తా. అప్పుడూ వస్తే నేనే కేసు రాస్తా."

"పావుగంటా? వెనక ఇంకో ఊరి ప్రభ వస్తంది, గాలి లేస్తంది..."

"ఎందుకొచ్చిన గొడవ!" నాగభూషణరావు ఫోను తీశాడు. "పైన మనవాళ్ళున్నారు. ఒక్క మాట చెప్పిస్తా, వాళ్ళే వదిలేస్తారు."

అప్పుడు బ్రహ్మాజీ ట్రాక్టర్ ఆపేసి కిందికి దూకాడు. తాళం తెచ్చి కోటేశ్వరి చేతిలో పెట్టాడు.

"శెట్టిగారూ, ఫోను లోపల పెట్టు. ఫోనుతో వదిలిస్తే నేను తాగాననే అనుకుంటారు అందరూ. ముందు ఈవిడ అనుకుంటది. నేను మళ్ళీ ఊదుతా."

"మళ్ళీ ఎర్రదే వస్తే?"

"వస్తే కోర్టుకి పోతా."

కోటేశ్వరి తాళం గుప్పిట్లో బిగించింది.

ఈలోగా రత్తమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది, నీళ్ళ సీసాతో. "ఎవరమ్మా నువ్వు, నా కొడుకుని తాగుబోతంటావు? వాడు చిన్నప్పుడు దగ్గు మందే తాగేవోడు కాదు!"

"అమ్మా, ఊరుకో. ఈవిడే ఫోటో తీసింది."

రత్తమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. గొంతు తగ్గించింది. "నువ్వేనా అమ్మాయ్? చానా బాగా తీశావు. ఏ ఊరు మీది?"

"కారంపూడి. ముందు ఆ నీళ్ళియ్యండి, పుక్కిలించనియ్యండి."

బ్రహ్మాజీ పుక్కిలించాడు. మళ్ళీ పుక్కిలించాడు. తర్వాత రోడ్డు పక్కన గట్టు మీద కూర్చున్నాడు. కోటేశ్వరి రెండు బారల దూరంలో నిలబడింది. ఊరంతా చుట్టూ నిలబడి వాళ్ళిద్దరినే చూస్తోంది.

"అంత దూరమా?" అన్నాడు బొంగురుగా.

"డ్యూటీ."

"పొద్దున చద్దన్నం తిన్నా. అది కూడా చూపిస్తదా మిషను?"

"భయమేస్తందా?"

"నీకు వెయ్యట్లా?"

"నీకా? మేడం ఏమైంది?"

"గొంతు పోయింది గదా, పొడుగు మాటలు రావట్లా."

ఆమె పెదవి కొసన ఏదో కదిలింది. వెంటనే సర్దుకుంది. వాచీ చూసుకుంది. అతనికంటే ఆమే ఎక్కువసార్లు వాచీ చూస్తోంది. అది బ్రహ్మాజీ కనిపెట్టాడు.

"మా నాన్న లారీ తోలేవోడు," అంది ఉన్నట్టుండి, కొండ వైపు చూస్తూ. "ఒకసారి మందేసి తోలాడు. కాలు పోయింది. ఇప్పుడు కారంపూడి బస్టాండులో టీ కొట్టు. తాగి తోలే మనిషి మొహం కూడా చూడబుద్ధి కాదు నాకు. ఇందాక నీ అంకె చూసినప్పుడు..."

"చూసినప్పుడు?"

"కోపమొచ్చింది."

"నా మీదనా?"

"నా మీద. అద్దంలో చూస్తావని తెలిసీ ఆ రోజు నవ్వినందుకు."

బ్రహ్మాజీ లేచి నిలబడ్డాడు. గాలి కూడా లేచింది. ప్రభ మీద గుడ్డలు పటపటలాడాయి. మోకుల కుర్రాళ్ళు కాళ్ళు తన్నిపట్టి వెనక్కి వాలారు.

"కోటేశ్వరీ, జరిమానా వేస్తే కడతా. లైసెన్సు పోతే కూలికి పోతా. నువ్వు నన్నట్టా చూస్తే మాత్రం నా వల్ల కాదు. ఇందాకటి చూపు ఇంకోసారి చూడకు."

"అది నా చేతిలో లేదు." ఆమె మిషను పైకెత్తింది. "మిషన్లో ఉంది. రా."

పావుగంట అయింది. కొత్త గొట్టం బిగించింది. చెన్నకేశవరావు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నాగభూషణరావు కళ్ళు మూసుకుని దండం పెడుతున్నాడు. రత్తమ్మ పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఊదు. ఆపమనేదాకా ఊదు."

ఊదాడు. ఆమె ఆపమనలేదు. ఇంకా ఊదాడు. మెడ నరాలు తేలాయి.

"ఆపమనమ్మా, పిల్లోడు పడిపోయేట్టున్నాడు!" హెడ్డు అరిచాడు.

ఆమె మిషను వైపే చూస్తోంది. మెల్లగా దాన్ని అందరి వైపూ తిప్పింది.

సున్నా!

ఒక్కసారిగా లేచింది కేక. "చేదుకో కోటయ్యా!" తప్పెట్లు మోగాయి. మోకులు వదలకుండానే కుర్రాళ్ళు గంతులు వేశారు. నాగభూషణరావు సీసా తెరిచి మిగిలిన అరిష్టమంతా చేలోకి ఒంపేశాడు. చెన్నకేశవరావు కూడా నవ్వు ఆపుకోలేక టోపీ సర్దుకున్నాడు.

కోటేశ్వరి తాళం ఇవ్వబోయింది. బ్రహ్మాజీ తీసుకోలేదు.

"మీ నాన్నతో మాట్లాడాల."

"ఇప్పుడా? ప్రభ తియ్యి ముందు!"

"ఎప్పుడో చెప్పు, తీస్తా."

వెనక రెండో ప్రభ హారన్లు మోగిస్తోంది. ముందు ఊరంతా అరుస్తోంది. కోటేశ్వరి మొహం కుంకుమలా అయింది.

"రేపు పొద్దున డ్యూటీ దిగి పేట బస్టాండులో కారంపూడి బస్సెక్కుతా. ఇంకేమీ అడగకు. పో!"

ఆ సాయంత్రం మా ప్రభ ఏ ప్రభకూ తీసిపోకుండా కొండ కింద నిలబడింది. లైట్లు వెలిగాయి. బ్రహ్మాజీ జాగారం చేశాడు. దేవుడి కోసమే అన్నాడు.

తెల్లారింది. బ్రహ్మాజీ కళ్ళు మంకెనపూలల్లా ఎర్రగా ఉన్నాయి. ఎవరో బైకు తాళం ఇవ్వబోతే వద్దన్నాడు. "నిద్రమత్తు కూడా మత్తే గదా," అని తల్లిని ఆటో ఎక్కించి, నరసరావుపేట బస్టాండుకు తీసుకుపోయాడు.

కారంపూడి బస్సులో కిటికీ పక్కన కోటేశ్వరి ఉంది. ఖాకీ బట్టల్లోనే, రాత్రంతా నిలబడిన అలసటకు కూర్చునే నిద్రపోతోంది. రత్తమ్మ చప్పుడు చెయ్యకుండా వెళ్ళి పక్కన కూర్చుంది. బస్సు కదిలేసరికి ఆ పిల్ల తల వచ్చి రత్తమ్మ భుజం మీద వాలింది. రత్తమ్మ బిగదీసుకుని, కొడుకు వైపు చూసి నోటి మీద వేలు పెట్టింది.

కండక్టరు వచ్చాడు.

"కారంపూడి మూడు," అన్నాడు బ్రహ్మాజీ గుసగుసగా.

"మీరిద్దరే గదా ఎక్కింది? మూడోది ఎవరికి?"

"మా కోడలికయ్యా," అంది రత్తమ్మ. "మెల్లగా మాట్లాడు, లేస్తది."

"నాకు పాసుంది," అంది కోటేశ్వరి కళ్ళు తెరవకుండానే. "రెండు చాలు."

తల మాత్రం తియ్యలేదు.

బ్రహ్మాజీ రెండు టికెట్లు తీసుకుని, పై కడ్డీ పట్టుకుని, వెనక సీట్లు ఎన్ని ఖాళీగా ఉన్నా కారంపూడి దాకా అక్కడే నిలబడి వెళ్ళాడు.